అర బ్లేడు

పదహారేండ్లుగా కల్యాణకట్టలో
తలలు చదవతా ఉండా.
యెంటికలు పోతేగానీ కనపడని అచ్చరాలు అవి.
ఎవురో విసిరిన చెంబు గాటు,
మరిగే నూనె పడిన మచ్చ,
పుర్రె కోసి మళ్లా కుట్టిన దారి,
మొగుడు గోడకేసి కొట్టిన నాటి సొట్ట.
నీళ్లు చల్లి, తల వంచి, పిడచ కింద బ్లేడు పెడితే
రెండు నిమిషాల్లో ఒక బతుకు బయటపడతాది.
సామికి పొయ్యేది యెంటికలే.
కింద ఉండేది చూసేది నేను.
తలరాత అంటారే,
అది మాత్రం ఇంతవరకూ
ఒక్క పుర్రె మీదా కనపడలా.

మొన్న పలమనేరు పక్కనుంచి
చెంగల్రాయుడని ఒకాయన వొచ్చినాడు.
చేతిలో టోకెను, అర బ్లేడు.
పక్కన బిడ్డ, లిఖిత, ఎనిమిదేండ్లు,
మేనెల ఎండలో ఎర్ర ఉన్ని టోపీ.
టోపీ తీసినా.
నున్నటి గుండు.
గోరింట పెట్టకముందు అరచెయ్యి మాదిరి.
కింద ఆస్పత్రిలో మందు ఎక్కించి ఎక్కించి
నాకంటే ముందే ఎవురో మొక్కు తీర్చేసినారు.

"జబ్బని తెలిసిన్నాడే మొక్కినానమ్మా.
జడ ఈడికొచ్చేది," నడుం చూపించినాడు.
"పాడి ఆవులు రెండూ అమ్మేస్తిమి.
జడ మటుకు సామిదని తాకనీలా ఎవుర్నీ.
మేం తెచ్చేలోపల దిండు మీద రాలిపాయె.
సామికి బాకీ పడిపోతామేమో?"
"నయమయిందా?" అంటే
"ఇంకా నాలుగు తూర్లు ఎక్కించాలంట" అన్నాడు,
తప్పు చేసినోడి గొంతుతో.

బాకీ.
ఆ మాటకి నా చేతిలో చెంబు ఆగిపొయ్యింది.
వడ్డికాసులోడా,
పెండ్లికి తెచ్చిన అప్పు
యుగాలుగా కడతా ఉండావంట.
అప్పంటే తెలిసినోడివి గదా.
సంతలో ఆవును వొదిలి
ఎనక్కి తిరక్కుండా నడిచొచ్చినోడికి
ఇంకా బాకీ ఉండాదని చెప్పిందెవురు?

అన్నీ చేయగలిగినోడివంటారు.
చేయగలిగి చేయకపోతే
నీకు దండం పెట్టేదానికి నాకు చేతులు రావు.
చేతగాకపోతే ఆ మాటే చెప్పు,
ఇన్ని నీళ్లిచ్చి
నిన్నూ ఆయన పక్కనే కూసోబెడతా.
అసలు లేనేలేవంటే మటుకు
రేయీపగలూ ఈ గోవిందలు
ఎవురు వింటా ఉండారు?
రాళ్లకి తగిలి
మా గొంతులు మాకే వొస్తా ఉండాయా?

మా యమ్మ చెప్పేది నీ కతే.
దెబ్బ తగిలి నీ తల మీద
రూపాయి బిళ్లంత చోట బోడయితే
నీలాదేవి చూళ్లేక
తన కొప్పులోంచి పీకి అతికించిందంట.
అందుకే ఈ కత్తులు, ఈ తడి మెట్లు,
సాయంత్రానికి ఈ మూటలు.
సరే సామీ.
నీ రూపాయంత బోడికి
లోకమంతా యెంటికలిస్తా ఉండాది.
ఈ బిడ్డ తలంతటికీ
పీక్కోనొచ్చే కొప్పు యాడుండాది?

పక్క వరసలో చంటోడు గుక్కపట్టినాడు.
"కానీండమ్మా, క్యూ ఆగిపొయ్యింది"
సూపరవైజరు కేక.
అంతే. ఇంకేం వినపడలా.

"అత్తా, నొప్పెడతాదా?" అనింది బిడ్డ.
"లేదు నాయనా."
గోరువెచ్చటి నీళ్లు పోసి
బ్లేడు కాయితం విప్పకుండానే
నుదుటి కాణ్ణించి మెడదాకా
మూడు తూర్లు మెల్లింగా జరిపినా.
"తీరిపొయ్యింది అన్నా. బాకీ లేదు, పో."
ఎవురి తరపున చెప్పినానో నాకే తెలీదు.
ఆయన మాత్రం
ఏడుస్తా నాకు దండం పెట్టినాడు.
నాకు!

రేత్రి బస్సులో ఘాటు దిగతా చూసుకుంటే
వాడని ఆ అర బ్లేడు నా కొంగు ముడిలోనే ఉండాది.
కింద ఊరంతా దీపాలు.
అందులో యే దీపం ఆస్పత్రిదో.

ఒక సంగతి నీకాడ దాచినా సామీ.
ఆ బిడ్డ చెవి ఎనకాల
నా వేలికి నూగు తగిలింది,
రెండో మూడో యెంటికలు.
వొచ్చే తూరి మందుకి అవీ రాలిపోతాయేమో.
అయినా నీకు చెప్పలా.
ఉంటే గింటే
అవీ అడుగుతావని.